ఎస్‌యూవీ అని అమ్మే కారుకు తోడబుట్టిన బండిని పట్టుకోవడం ఎలా

మా బావ ఖమ్మంలో ఉంటాడు. మూడేళ్ల కింద కారు కొనేటప్పుడు ఆయనకు కావాల్సినవి రెండే: నెలకోసారి ఊరికి వెళ్లి బియ్యం బస్తాలు తెచ్చుకునేంత డిక్కీ, మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మ తేలిగ్గా ఎక్కి దిగగలిగే సీటు. షోరూమ్‌లో కుర్రాడు ఆయన్ని హ్యాచ్‌బ్యాక్ (డిక్కీ వెనక్కి పొడుచుకు రాని చిన్న కారు) దగ్గర రెండు నిమిషాలు కూడా నిలబడనివ్వలేదు, పక్కనున్న ఎత్తు బండి దగ్గరికి తీసుకెళ్లి "ఇది ఎస్‌యూవీ సార్, దీని రోడ్ ప్రెజెన్సే వేరు" అన్నాడు. బావ అదే తీసుకున్నాడు, లక్షకు పైగా ఎక్కువైంది. ఏడాది తర్వాత సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు మెకానిక్ మాటల మధ్యలో చెప్పాడు, ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు అన్నీ ఆ పక్కనున్న హ్యాచ్‌బ్యాక్‌వే అని. బండి మంచిదే. అత్తమ్మ సుఖంగానే ఎక్కుతుంది. డిక్కీ అంచు మాత్రం ఎత్తు, బస్తా వేయాలంటే ఇద్దరు పట్టాలి. ఆయన బాధల్లా ఒకటే, ఈ ముక్క డబ్బు కట్టే ముందు ఎవరూ చెప్పలేదు. అప్పట్నుంచి మా ఇళ్లలో ఎవరు కారు చూడ్డానికి వెళ్లినా నేనూ వెంట వెళ్తున్నా. వెళ్లినప్పుడు ఏం చూస్తానో, ఏం అడుగుతానో ఇక్కడ రాస్తున్నా.

అసలు ఈ పేరు మార్చడం ఎక్కడ మొదలైంది

ఇది కాస్త తెలిస్తే షోరూమ్‌లో మాటలు వినే తీరే మారిపోతుంది, అందుకే ముందు ఇది. సెడాన్ (వెనక డిక్కీ విడిగా ఉండే) కారు తీసుకుని పైకప్పును వెనక చివరిదాకా లాగి, డిక్కీ మూతకు బదులు నిలువు తలుపు పెడితే అది స్టేషన్ వ్యాగన్. అమెరికాలో ఒకప్పుడు పిల్లలున్న ఇంటి బండి అంటే ఇదే. తర్వాతి తరానికి అది అమ్మానాన్నల బండిలా కనిపించింది, జీపుల్లాంటి ఎస్‌యూవీల మీద మోజు పెరిగింది. సుబారు కంపెనీకి అప్పట్లో అసలు ఎస్‌యూవీయే లేదు, కొత్తది తయారు చేసేంత డబ్బున్న పెద్ద కంపెనీ కూడా కాదు. అందుకని 1994లో న్యూయార్క్ ఆటో షోలో తన లెగసీ వ్యాగన్‌నే అవుట్‌బ్యాక్ అని పేరు పెట్టి చూపించింది, ఆ తర్వాత సస్పెన్షన్ కూడా పైకి లేపింది, ఆస్ట్రేలియా నటుడు పాల్ హోగన్‌ని తెచ్చి మట్టి దారుల్లో నడిపిస్తూ 'ప్రపంచంలో మొదటి స్పోర్ట్ యుటిలిటీ వ్యాగన్' అని ప్రకటనలు వేసింది. బండి విపరీతంగా అమ్ముడుపోయింది. వోల్వో తన వి70 వ్యాగన్‌కి క్రాస్ కంట్రీ అని, ఆడి తన ఏ6 వ్యాగన్‌కి ఆల్‌రోడ్ అని పేర్లు పెట్టి అదే దారి పట్టాయి.

జనం మోజు ఒక్కటే కారణం కాదు, చట్టం కూడా ఉంది. అమెరికాలో 1975లో వచ్చిన ఇంధన చట్టం కింద కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీకి ఒక లెక్క, లైట్ ట్రక్కులకు, అంటే పికప్‌లు, వ్యాన్లు, ఎస్‌యూవీలకు ఇంకో లెక్క. 2000 ప్రాంతంలో కార్లకు గ్యాలన్‌కు 27.5 మైళ్లు ఉండాలి, లైట్ ట్రక్కులకు 20.7 చాలు. మన లెక్కలో లీటరుకు 11.7 కిలోమీటర్లకూ 8.8 కిలోమీటర్లకూ ఉన్న తేడా. అంటే ఒక కారు ట్రక్కు అని లెక్కలోకి వెళ్తే కంపెనీకి నెత్తిన బరువు తగ్గుతుంది. క్రైస్లర్ వాళ్ల పీటీ క్రూజర్ అలాగే ట్రక్కుల లెక్కలోకి వెళ్లింది, చూస్తే అదొక పొడవాటి హ్యాచ్‌బ్యాక్. సుబారు 2005 మోడల్ అవుట్‌బ్యాక్‌ను మార్చి ట్రక్కుల కొలతల్లోకి తెచ్చింది. అక్కడి నిబంధన ప్రకారం నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండి నేల నుంచి ఎత్తు, ముందూ వెనకా వాలు కోణాలు లాంటి 5 కొలతల్లో కనీసం 4 దాటితే చాలు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు కొందరు అవుట్‌బ్యాక్ చూస్తూ ఇది ఎస్‌యూవీయేనా అని అడుగుతుంటారు. ముప్పై ఏళ్లపాటు అది ఎత్తు పెంచిన వ్యాగనే, దాని మంచితనమంతా అందులోనే ఉంది. 2025లో న్యూయార్క్‌లో చూపించిన 2026 మోడల్‌తో ఆకారం కూడా పెట్టెలాంటి ఎస్‌యూవీ అయిపోయింది. నాకైతే బాధగానే ఉంది, తక్కువ ఎత్తు, పొడవాటి డిక్కీ ఉన్న ఆ ఆకారం మళ్లీ రాదు.

మన దగ్గర వ్యాగన్‌లు రాలేదా అంటే వచ్చాయి. 1992లో టాటా ఎస్టేట్, తర్వాత మారుతి బలెనో ఆల్టురా, స్కోడా ఆక్టేవియా కాంబి, 2004లో టాటా ఇండిగో మరీనా. ఒక్కటీ నిలబడలేదు. వెనక భాగం చూసి అంబులెన్స్‌లా ఉందనేవాళ్లు, సెడాన్ కంటే డబ్బు ఎక్కువ పెట్టి సామాన్ల బండి కొనడమేంటనేవాళ్లు. మా నాన్న స్నేహితుడొకాయన మరీనా కొని పదేళ్లు నడిపాడు, పెళ్లి సామాన్లన్నీ అందులోనే వెళ్లేవి, అయినా అమ్మబోతే అడిగేవాడు లేడు. 2015లో వచ్చిన మారుతి ఎస్-క్రాస్ నా లెక్కలో మన రోడ్ల మీద బాగానే తిరిగిన వ్యాగన్‌కి అతి దగ్గరి బండి. దాన్ని క్రాసోవర్ అని, అంటే కారుకూ ఎస్‌యూవీకీ మధ్యది అని అమ్మారు, 2017లో ముందు భాగానికి నిలువుగా పెద్ద గ్రిల్ తగిలించారు, ఎందుకో మీకే అర్థమవుతుంది.

మన దగ్గర ఎక్కువగా ఎస్‌యూవీ వేషం వేసేది హ్యాచ్‌బ్యాక్. దానికీ పన్నే కారణం. 2006 బడ్జెట్‌లో 4 మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోల్ లేదా 1500 సీసీలోపు డీజిల్ ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ 24 శాతం నుంచి 16కి తగ్గించారు. ఆ గీత జీఎస్టీలోనూ నిలిచింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి గీతలోపు పెట్రోల్, డీజిల్ కార్లకు 18 శాతం, దాటితే 40. ఇక పొడవు పెంచడానికి దారి లేదు కాబట్టి పెరగగలిగేది ఎత్తు ఒక్కటే. 4 మీటర్లలోపు బండిని ఎంత లేపినా పన్ను పెరగదు, షోరూమ్‌లో ధర మాత్రం పెరుగుతుంది.

ఇంట్లోనే కూర్చుని చేయాల్సిన పని

షోరూమ్‌కి వెళ్లే ముందే ఆ బండికి తోడబుట్టింది ఏదో కనుక్కోండి. అదే కంపెనీ వెబ్‌సైట్ తెరిచి మీకు నచ్చిన 'ఎస్‌యూవీ' బ్రోచర్‌లో వీల్‌బేస్ ఎంతో చూడండి. వీల్‌బేస్ అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య దాకా దూరం. తర్వాత అదే కంపెనీ హ్యాచ్‌బ్యాక్‌లూ సెడాన్‌లూ ఒక్కొక్కటే తెరిచి అదే అంకె కోసం వెతకండి. బంపర్లు, లైట్లు, బానెట్ ఎన్నిసార్లయినా మారుస్తారు, వీల్‌బేస్ మార్చాలంటే ఖర్చు ఎక్కువ, అందుకే సాధారణంగా అదే దొరికిస్తుంది. కొన్నిసార్లు కుదిస్తారు కూడా. టాటా పంచ్‌దీ ఆల్ట్రోజ్‌దీ ఒకే ప్లాట్‌ఫామ్ (కింది నిర్మాణం), కానీ పంచ్ వీల్‌బేస్ తక్కువ. అలాంటప్పుడు ఇంజిన్, గేర్‌బాక్స్ అంకెలు పోల్చండి, సీసీ, పవర్, టార్క్ మూడూ దశాంశంతో సహా ఒకటే అయితే తోడబుట్టినవి అయ్యే అవకాశం ఎక్కువ.

ఒక ఉదాహరణ పూర్తిగా చేసి చూపిస్తా, మారుతి బలెనో, 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఫ్రాంక్స్. రెండిటి వీల్‌బేస్ 2520 మిల్లీమీటర్లు. పొడవు బలెనో 3990, ఫ్రాంక్స్ 3995, అంటే అర సెంటీమీటరు తేడా. వెడల్పు 1745కి 1765. ఎత్తు 1500కి 1550. డిక్కీ బలెనోది 318 లీటర్లు, ఫ్రాంక్స్‌ది 308. అవును, పెద్దదిగా కనిపించే బండికే డిక్కీ చిన్నది. పెట్రోల్ ట్యాంక్ రెండిటికీ 37 లీటర్లే. అదే 1.2 లీటర్ ఇంజిన్‌తో మాన్యువల్ గేర్ మైలేజీ కంపెనీ చెప్పే లెక్క లీటరుకు 22.35, 21.79 కిలోమీటర్లు. నేల నుంచి ఎత్తు 170 నుంచి 190 అయింది. టైర్ అంకెలు కూడా చదవండి, అక్కడ అసలు సంగతి ఉంటుంది. పై వేరియంట్లలో బలెనో టైర్ 195/55 ఆర్16, ఫ్రాంక్స్‌ది 195/60 ఆర్16. మధ్య అంకె టైర్ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. 195లో 5 శాతం అంటే దగ్గర దగ్గర 10 మిల్లీమీటర్లు. పెరిగిన 20లో సగం టైర్ ఇచ్చిందే!

న్యాయంగా చెప్పాలి కాబట్టి ఇదీ చెబుతున్నా, ఫ్రాంక్స్‌లో 1 లీటర్ టర్బో ఇంజిన్ దొరుకుతుంది, ఇప్పటి బలెనోలో లేదు. అది కావాలనుకునేవాళ్లకు ఆ తేడా నిజమైన తేడా. బయటి రేకు కూడా కొత్తదే, పాత రోజుల్లోలా ప్లాస్టిక్ అతికించి వదిలేయలేదు. 2014లో టొయోటా ఎటియోస్ క్రాస్, ఫియట్ అవెంచురా, 2015లో హ్యుందాయ్ ఐ20 యాక్టివ్ వచ్చినప్పుడు తలుపులూ కిటికీలూ అవే, చుట్టూ నల్ల ప్లాస్టిక్ పట్టీ, కొన్నిటికి కాస్త ఎత్తు, దాదాపు అంతే. జనం గుర్తుపట్టారు, అంతగా కొనలేదు. ఇప్పటివి బానెట్‌ని నిలువుగా లేపి, లైట్లను కిందికీ పైకీ విడగొట్టి, పేరే మార్చేసి వస్తున్నాయి, అందుకే గుర్తుపట్టడం కష్టమైంది.

మీ నోట్‌బుక్‌లో రెండు నిలువు గీతలు గీసి ఈ అంకెలన్నీ పక్కపక్కన రాసుకోండి. పది నిమిషాల పని. ఫోన్‌లో కాకుండా కాగితం మీదే రాయండి, షోరూమ్‌లో టేబుల్ మీద పెడితే ఎదుటివాళ్లు మాట్లాడే తీరు మారడం నేను చాలాసార్లు చూశా.

షోరూమ్‌లో

మొదటి ప్రశ్న సూటిగా అడగండి, "దీని హ్యాచ్‌బ్యాక్ ఏది?" అని. కోపంగా కాదు, మామూలుగా. చాలామంది కుర్రాళ్లు నిజం చెప్పేస్తారు, వాళ్లకు టార్గెట్‌ల టెన్షన్ ఉంటుంది కానీ అడిగితే దాచరు. రెండోది, నాలుగు చక్రాలకూ శక్తి వెళ్తుందా? మన దగ్గర ఈ ధరల్లో దొరికేవి దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. ఫ్రాంక్స్‌నే తీసుకోండి, ఇక్కడ గుజరాత్‌లో తయారై జపాన్ వెళ్తుంది, అక్కడ ఫోర్ వీల్ డ్రైవ్ కూడా అమ్ముతున్నారు, ఇక్కడ లేదు. కాబట్టి బ్రోచర్‌లో బురద చిమ్ముతున్న బొమ్మ చూసి వానాకాలం పొలం దారిలోకి దిగొద్దు.

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేల నుంచి ఎత్తు అంకె చెప్పినప్పుడు అది ఖాళీ బండిదా, మనుషులు కూర్చున్న తర్వాతిదా అని అడగండి. 2023 జూలైలో జీఎస్టీ కౌన్సిల్ కూడా పెద్ద బళ్ల సెస్సు కోసం 170 మిల్లీమీటర్ల లెక్క పెట్టినప్పుడు ఖాళీ బండిదే తీసుకోవాలని స్పష్టం చేసింది. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండాక స్ప్రింగులు ఎంత కుంగుతాయో బ్రోచర్ చెప్పదు. ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది, దాన్ని ఏ కారైనా దాటుతుంది. మన వీధుల్లో రాత్రికి రాత్రి సిమెంట్ పోసి కట్టేవాటితోనే గొడవ. మీ వీధిలోది అలాంటిదైతే ఆ 20 మిల్లీమీటర్లకు నిజంగా విలువుంది, లేకపోతే లేదు.

తర్వాత చేత్తో చూడాల్సినవి. బంపర్ కింద వెండి రంగులో మెరిసే పలక ఉంటుంది, దాన్ని వేలితో తట్టండి, వంగితే ప్లాస్టిక్, ఇంజిన్ కింద రాయి తగిలితే అది ఏమీ ఆపదు. పైన రూఫ్ రెయిల్స్ ఉంటే ఓనర్స్ మాన్యువల్ తెప్పించి వాటి మీద ఎన్ని కిలోలు పెట్టొచ్చో చదవండి, కొన్ని బళ్లలో అవి అలంకారం మాత్రమే. చక్రాల చుట్టూ నల్ల పట్టీకి మాత్రం ఒక ఉపయోగం ఉంది, గీతలు పడితే రంగు వేయించక్కర్లేదు. దాంతోపాటు అది చేసే ఇంకో పని, చక్రానికీ బాడీకీ మధ్య ఖాళీని నల్లగా కలిపేసి బండిని ఉన్నదానికన్నా ఎత్తుగా చూపించడం. కళ్లు మోసపోకుండా ఉండాలంటే టేపు తీసుకెళ్లండి.

టేపుతో రెండే కొలవండి. ఇంట్లో పెద్దవాళ్లు ఏ మంచం మీద తేలిగ్గా కూర్చుని లేస్తారో ముందే దాని ఎత్తు కొలిచి పెట్టుకోండి, షోరూమ్‌లో నేల నుంచి సీటు దాకా కొలిచి ఏ బండి దానికి దగ్గరగా ఉందో చూడండి. పొట్టిగా ఉండే ఆడవాళ్లకు మరీ ఎత్తు సీటు కూడా కష్టమే, కాలు ఎత్తి గడప దాటించాలి. వీలైతే వాళ్లనే తీసుకెళ్లండి, నాలుగుసార్లు ఎక్కి దిగమనండి, చీరలో ఎక్కేవాళ్లు చీరలోనే. రెండోది డిక్కీ అంచు ఎత్తు. 25 కిలోల బస్తా ఎత్తి వేసేటప్పుడు ప్రతి అంగుళం నడుముకు తెలుస్తుంది. వ్యాగన్‌లలో సామాను ఎత్తకుండా తోసేయొచ్చు, అదే వాటి అసలు సుఖం, ఎత్తు బండిలో పోయేది కూడా అదే. లీటర్ల లెక్కను ఎక్కువ నమ్మొద్దు, సీటు వీపు దాకా కొలిచారా పైకప్పు దాకా కొలిచారా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. మీ పెద్ద సూట్‌కేస్ తీసుకెళ్లి పెట్టి చూడండి, ఎవరేమనుకున్నా సరే.

టెస్ట్ డ్రైవ్ రెండు బళ్లూ ఒకే రోజు, ఒకే దారిలో చేయండి, కనీసం నలుగురు కూర్చుని. ఎత్తు పెరిగితే బరువు పైకి పోతుంది, మలుపులో బండి ఒరుగుతుంది. ఆ ఒరుగుడు పెరగకుండా స్ప్రింగులు గట్టివి వేస్తే గతుకుల్లో తలలు పక్కకు ఊగుతాయి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకే ఇది బాగా తెలుస్తుంది, కాబట్టి కొంత దూరం మీరు కూడా వెనక కూర్చోండి.

చివరికి డబ్బు. రెండిటికీ ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి, వేరియంట్ పేరు చూసి పోల్చొద్దు, అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగ్‌లు సమానంగా ఉన్నవి పోల్చండి. ఎత్తు బండి 10 లక్షల గీత దాటిపోతే లైఫ్ ట్యాక్స్ శ్లాబు కూడా మారుతుంది, అసలు తేడా ఎక్స్‌షోరూమ్ ధరలో కనిపించేదానికన్నా పెద్దదవుతుంది. టైర్ల ధర కూడా అడగండి, నలభై యాభై వేల కిలోమీటర్లకు నాలుగూ మార్చాల్సిందే. వచ్చిన మొత్తం తేడా పక్కన ఆ డబ్బుకు మీకు వచ్చేవి రాయండి: రెండు సెంటీమీటర్ల ఎత్తు, సీటు ఎత్తు, ఆకారం. ఆకారం నచ్చిందని కొనడం తప్పేమీ కాదు, ఎంతకు కొంటున్నారో తెలిసి కొనండి. నిజంగా సామాన్లు, మనుషులు ఎక్కువైతే ఎస్‌యూవీ అన్న మాట పక్కన పెట్టి మారుతి ఎర్టిగాలాంటి ఎంపీవీ (ఆరేడుగురు కూర్చునే ఇంటి బండి) చూడండి, మన దేశంలో వ్యాగన్ చేయాల్సిన పని ఇప్పుడు అవే చేస్తున్నాయి. ఎర్టిగాకి కూడా అలాంటి తోబుట్టువు ఉంది, 2019లో వచ్చిన ఎక్స్ఎల్6. వీల్‌బేస్ అదే 2740, వచ్చినప్పుడు పొడవు 50 మిల్లీమీటర్లు ఎక్కువ, చుట్టూ నల్ల పట్టీ, లేచిన బానెట్, ఒక సీటు తక్కువ. కంపెనీ దాన్ని ఎంపీవీ అనే అమ్ముతుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

పోయిన నెల హనుమకొండలో మా చెల్లితో వెళ్లా. రెండు బళ్లనూ ఒకే సాయంత్రం వాళ్ల వీధిదాకా నడిపించాం. వీధి చివరి స్పీడ్ బ్రేకర్ మీద హ్యాచ్‌బ్యాక్ నలుగురితో కింద గీసుకుంది, ఎత్తు బండి గీసుకోలేదు. తేడా తొంభై నాలుగు వేలని కాగితం మీద ఉంది. చెల్లి రెండుసార్లు ఆ అంకె చూసుకుని, రోజూ ఆఫీసుకు ఆ బ్రేకర్ దాటాల్సింది నేనే కదా అని ఎత్తు బండికే అడ్వాన్స్ కట్టింది.